గీత పలుకు సాక్ష్యము

మన ఇండ్లలో పిల్లల ఎత్తు కొలుచుట ఒక చిన్న వేడుక. పిల్లవానిని ద్వారబంధమునకు వీపు ఆనించి నిలువబెట్టి, తలపై పలకను అడ్డముగ ఉంచి, పెన్సిలుతో ఒక గీత గీసి, ప్రక్కన తేదీ వ్రాయుదురు. పోయిన యేటి గీతను మించవలెనను ఆశతో పిల్లవాడు రహస్యముగ మడమలు ఎత్తును. తల్లి వాని భుజములను మెల్లగ అదిమి, "మడమలు దించు నాయనా" అనును. ప్రతి కుటుంబమునకును పరిచయమైన తొలి గ్రాఫు అదియే. దానికి శీర్షిక లేదు, గడుల కాగితము లేదు. కాని దానికొక ధర్మము కలదు. అది నేలనుండి కొలువబడును. మడమలు నేలను తాకియుండవలెను.

ఈ వ్యాసములో మేము విచారింపదలచిన ప్రశ్న ఆ మడమలకు సంబంధించినదే. అంకెలన్నియు నిజమైయుండియు, వానిని చూపు బొమ్మ అబద్ధము కాగలదా? కాగలిగినచో, మన పక్షము న్యాయమైనదైనప్పుడు, అట్టి బొమ్మను గీయుటకు మనకు హక్కు కలదా?

ఇది గణితోపాధ్యాయుల ప్రశ్న గాని మన ప్రశ్న గాదని కొందరు తలపవచ్చును. కాని బెంగుళూరులోను, హోసూరులోను, బరంపురములోను, షోలాపురములోను తరతరములుగ కాపురముండి, ఇంట తెలుగును, వీథిలో వేరొక భాషను పలుకుచున్న మనకు అంకెలతో గల సంబంధము సామాన్యమైనది కాదు. 1949 ఆగస్టులో రాష్ట్రముల విద్యామంత్రుల సమావేశము చేసిన తీర్మానమును స్మరింపుడు. ప్రాథమిక పాఠశాలలో అల్పసంఖ్యాకుల మాతృభాషలో బోధన జరుగవలెనన్నచో, ఆ భాష పలుకు పిల్లలు పాఠశాల మొత్తములో 40 మందికి గాని, ఒక తరగతిలో 10 మందికి గాని తక్కువ కాకుండవలెనని దాని సారాంశము. 1956లో రాజ్యాంగమునకు చేసిన ఏడవ సవరణ ద్వారా 350ఎ అధికరణము వచ్చి, మాతృభాషలో ప్రాథమిక విద్యకు తగిన వసతి కల్పింప యత్నింపవలెనని రాష్ట్రములకు చెప్పినది. హక్కు రాజ్యాంగములో నున్నను, అది మన వీథిలోని బడికి చేరునా లేదా యనునది తరచుగ ఒక సంఖ్యపై ఆధారపడి యుండును. తొమ్మిదిమందికిని పదిమందికిని నడుమ ఒక భాష నిలిచి యుండును. అట్టివారికి అంకెను చూపు విధానము వినోదవిషయము కాజాలదు.

మొదట గ్రాఫు అనునది ఏమి చేయుచున్నదో తెలిసికొందము. దేశముల ఎగుమతి దిగుమతులను పట్టికలలో వ్రాయుట పాత అలవాటు. విలియం ప్లేఫేర్ అను స్కాట్లండు దేశీయుడు 1786లో ప్రచురించిన గ్రంథములో ఆ పట్టికలను గీతలుగ మార్చెను. అడ్డముగ సంవత్సరములు, నిలువుగ ధనము. రెండు గీతల నడుమనున్న ఎడమే లాభమో నష్టమో చూపును. స్కాట్లండు వర్తకము విషయమున ఆయనకు పలు సంవత్సరముల లెక్కలు లభింపలేదు. అందుచేత ఒకే యేటి లెక్కలను దేశమునకొక కమ్మీ చొప్పున గీసెను. నేడు పిల్లల పాఠ్యపుస్తకములలో కనబడు కమ్మీ చిత్రమునకు అది పూర్వరూపము. 1801లో వృత్తమును ముక్కలుగ కోసి పాళ్ళను చూపు పద్ధతిని గూడ ఆయనయే చూపెను.

ఈ బొమ్మలన్నిటిలోను చూపరికి గీయువాడు మాటలలో చెప్పని ఒక వాగ్దానము కలదు. "సమానమైన పరిమాణములకు సమానమైన దూరములు ఇచ్చితిని, నీ కంటికి రెండింతలుగ తోచినది నిజముగ రెండింతలే" యనునది ఆ వాగ్దానము. చదువురాని వృద్ధురాలు గూడ గోడమీది పటమును చూచి, ఏది పెద్దదో ఏది చిన్నదో చెప్పగలుగుట ఈ నమ్మకము వలననే. దుకాణములో తూకపురాయి చేయు పనిని గ్రాఫులో కొలబద్ద చేయును. కొనువాడు రాయిని తూచి చూడడు; నమ్మును. కావుననే రాయిని తఱిగించుట దొంగతనమైనది.

అట్లయిన బొమ్మను మాని అంకెలనే చదువుట మేలు కదా యని అడుగువారికి సమాధానము కలదు. ఫ్రాన్సిస్ ఆన్స్‌కోంబ్ అను ఆంగ్ల సంఖ్యాశాస్త్రజ్ఞుడు 1973లో నాలుగు చిన్న పట్టికలను కల్పించి చూపెను. ఒక్కొక్క దానిలో 11 జతల అంకెలు. నాలుగింటిలోను సగటులు ఒక్కటే. అంకెల చెదరుదల ఇంచుమించు ఒక్కటే. వాని నడుమ గీయదగిన సరళరేఖయు ఒక్కటే. లెక్కలు మాత్రమే చూచువానికి అవి నలుగురు కవలలు. గీసి చూచినచో, మొదటిదానిలో చుక్కలు ఒక వాలు గీత చుట్టును సహజముగ చెదరియుండును. రెండవది విల్లువలె వంగును. మూడవదానిలో ఒక్క చుక్క తప్ప తక్కినవన్నియు ఒకే గీతపై నిలుచును. నాలుగవదానిలో చుక్కలన్నియు ఒకే నిలువు వరుసలో నుండగా, దూరముననున్న ఒంటిచుక్క యొకటి గీతనంతను తనవైపునకు లాగును. సగటు దాచినదానిని చిత్రము బయటపెట్టినది. కనుక గ్రాఫు అలంకారము కాదు. అది ఒక సాక్షి. సాక్షికి గల గౌరవమును, సాక్షికి గల బాధ్యతను గూడ దానికి ఈయవలెను.

ఇపుడు మడమలు ఎత్తుట ఎట్లు జరుగునో చూతము. ఒక సంఘమువారి ఆదివారపు తెలుగు తరగతిలో ఒక యేట 50 మంది పిల్లలును, మరుసటి యేట 56 మందియు చేరిరనుకొందము. పెరుగుదల నూటికి 12. ఇది సంతోషింపదగినదే. వార్షికోత్సవములో గోడకు తగిలించుటకై కార్యదర్శి రెండు కమ్మీలు గీయును. కాగితము చిన్నది యని నిలువు కొలతను సున్నతో గాక 48తో మొదలుపెట్టును. మొదటి కమ్మీ 2 గడుల ఎత్తును, రెండవది 8 గడుల ఎత్తును వచ్చును. సభలో కూర్చున్నవారు, పిల్లలు నాలుగింతలైరని కరతాళధ్వనులు చేయుదురు. ప్రక్కన 50, 56 అని చిన్న అక్షరములతో వ్రాసియే యున్నది. ఒక్క అంకెయు తప్పు కాదు. ఐనను నూరుమంది ఇంటికి తీసికొనిపోయిన భావము తప్పు.

కార్యదర్శి అబద్ధమాడెనా? ఆడలేదని వాదించువారు, "అంకెలు వ్రాసితిమి, చదువుకొనుట వారి వంతు" అందురు. మేము ఈ వాదమును అంగీకరింపము. సత్యము పలుకబడిన మాటలో మాత్రమే ఉండునది కాదు. వినువాని మనస్సులో ఏమి కలుగునో తెలిసియుండి పలికినప్పుడు, ఆ కలిగిన భావమునకు గూడ పలికినవాడే బాధ్యుడు. కురుక్షేత్రములో ధర్మరాజు అశ్వత్థామను గూర్చి పలికిన మాటను మన పెద్దలు శతాబ్దములుగ చర్చించుచున్నారు. "కుంజరః" అను పదమును ఆయన పలుకకపోలేదు, వినబడకుండునట్లు పలికెను. చిన్న అక్షరములతో వ్రాసిన అంకె ఆ పదము వంటిదే.

కాని ఇందులో ఒక సూక్ష్మము కలదు. ప్రతి గ్రాఫును సున్నతోనే మొదలుపెట్టవలెనను నియమము గ్రుడ్డిగ పాటించునది కాదు. జ్వరరోగి ఉష్ణోగ్రత పటమును సున్న డిగ్రీలనుండి గీసినచో, 37 డిగ్రీలకును 40 డిగ్రీలకును గల తేడా చదునైన గీతలో కలిసిపోవును, ప్రాణాపాయమే కనబడకపోవును. అచ్చట సున్న పెట్టుటయే మోసము. కమ్మీ చిత్రములో కన్ను పొడవును కొలుచును. కావున కమ్మీ నేలనుండి లేవవలెను. రేఖా చిత్రములో కన్ను మార్పును కొలుచును. అది వేరొకచోట మొదలు కావచ్చును, కాని ఎచ్చట మొదలైనదో స్పష్టముగ చెప్పవలెను. ఏ మార్పు మనుష్యుల జీవితములో పెద్దదో అది పెద్దగను, ఏది చిన్నదో అది చిన్నగను కనబడునట్లు గీయుటయే ధర్మము. అది కొలబద్ద చెప్పలేని సంగతి. గీయువాని వివేకము చెప్పవలెను.

ఈ వివేకమునకు పరీక్షగ మన భాష లెక్కనే తీసికొందము. భారత జనగణనల ప్రకారము తెలుగు మాతృభాషగ గలవారు 1971లో సుమారు 4.48 కోట్లు, 1981లో 5.06 కోట్లు, 1991లో 6.60 కోట్లు, 2001లో 7.40 కోట్లు, 2011లో 8.11 కోట్లు. ఈ అంకెలను గీసినచో, గీత మెట్లెక్కినట్లు పైకి పోవును. దానిని చూచిన వక్త, తెలుగునకు కొదువ యేమి యని ఛాతీ విరుచుకొనును. ఇపుడు అవే జనగణనలలో దేశజనాభాలో తెలుగువారి పాలును చూడుడు. నూటికి 1971లో 8.16, 1981లో 7.61, 1991లో 7.87, 2001లో 7.19, 2011లో 6.70. ఈ గీత, నడుమ ఒకమారు తలయెత్తినను, క్రిందికి దిగినది. నిలువు కొలతను 6.5నుండి 8.5వరకు మాత్రమే ఉంచినచో, అది కొండకొమ్మునుండి లోయలోనికి జారినట్లుండును. వేరొక వక్త దానిని చూపి, భాష చచ్చిపోవుచున్నదని కన్నీరు పెట్టించును.

రెండు గీతలును నిజమే. ఏ గీతను చూపువాడు దేనిని దాచుచున్నాడన్నదే ప్రశ్న. పైకిపోవు గీతను మాత్రమే చూపువాడు దేశమంతయు పెరిగిన సంగతిని దాచుచున్నాడు. క్రిందికిదిగు గీతను మాత్రమే చూపువాడు దిగుటకు గల కారణమును దాచుచున్నాడు. 2001నుండి 2011వరకు దేశజనాభా నూటికి సుమారు 17.7 పెరుగగా, నాటి అవిభక్త ఆంధ్రప్రదేశ్ జనాభా సుమారు 11 మాత్రమే పెరిగినది. తెలుగు నేలలో కుటుంబములు చిన్నవగుట ఈ పాలు తగ్గుటకు ఒక ముఖ్య కారణము. పిల్లలు తక్కువగ పుట్టుట వేరు, పుట్టిన పిల్లలు తెలుగు విడుచుట వేరు. మొదటిది దుఃఖింపవలసిన విషయమే కాదు. రెండవది మన ఇండ్లలో జరుగుచున్నదేమో యను భయము నిజమైనదే. కాని ఈ గీత దానిని చూపుట లేదు. గీత వాలును చెప్పును, కారణమును చెప్పదు. కారణమును మనము చేర్చి, గీతయే చెప్పినదనుట సాక్షి నోట మన మాటను పెట్టుట.

"మేము తక్కువవారము, మా విన్నపము చెవికెక్కవలెనన్నచో కొంత బిగ్గరగ చెప్పక తప్పదు. బలవంతులు తమ గీతలను వంచుచుండగా, మేము మాత్రము సరళముగ గీసి ఓడిపోవలెనా?" ఈ ప్రశ్నను అడుగువారిని మేము తేలికగ తీసిపుచ్చజాలము. అందులో వేదన కలదు. పదిమంది పిల్లలు లేరని తెలుగు తరగతి మూతపడుట చూచినవారి ప్రశ్న అది. వారికి మేము చూపగలిగినది ఫ్లారెన్స్ నైటింగేల్ ఉదాహరణము.

క్రిమియా యుద్ధములో ఆంగ్ల సైనికులు గాయములకంటె ఎక్కువగ ఆసుపత్రులలోని నివారింపదగిన వ్యాధులవలన మరణించిరి. ఆ సంగతిని అధికారులకు నచ్చజెప్పుటకై ఆమె 1858లో నెలనెల మరణములను వృత్తము చుట్టును రేకులవలె అమర్చి, వ్యాధిమరణములకు నీలము, గాయములకు ఎఱుపు, తక్కిన కారణములకు నలుపు రంగు వేయించెను. ఆమె తటస్థురాలు కాదు. ఆమెకు ఒక పక్షము కలదు. ఆ పక్షము ప్రాణములను కాపాడు పక్షము. ఆమె గీయించిన తొలి రూపములలో ఒకదానిలో కేంద్రమునుండి దూరమే మరణసంఖ్యను సూచించెడిది. దూరము రెండింతలైనచో రేకు వైశాల్యము నాలుగింతలగును. కన్ను వైశాల్యమునే చూచును. అనగా ఆ బొమ్మ ఆమె వాదమును ఉన్నదానికంటె పెద్దది చేయుచుండెను. తరువాతి రూపములో వైశాల్యమే సంఖ్యకు సరిపోవునట్లు మార్పించి, ఆ సంగతిని పటముపైననే వ్రాయించెను. తనకు లాభించు తప్పును తానే దిద్దుకొనెను. దిద్దిన తరువాత గూడ నీలపు రేకులు ఎఱ్ఱనివానిని మించియే నిలిచినవి. న్యాయమైన పక్షమునకు మడమలు ఎత్తవలసిన పని లేదని ఆ పటము చెప్పుచున్నది.

గీతను సాగదీయుట ఒక తప్పయినచో, చుక్కలను విడిచిపెట్టుట అంతకంటె పెద్ద తప్పు. 1986 జనవరి 28న అమెరికాలో చాలెంజర్ అను అంతరిక్షనౌక ఎగసిన 73 సెకండ్లకే పేలిపోయి ఏడుగురు మరణించిరి. ఇంధనపు గొట్టముల అతుకులలోని రబ్బరు వలయములు చలికి బిగుసుకొని పనిచేయకపోవుట కారణము. ముందటి రాత్రియే చలినిగూర్చి ఇంజనీర్లు వాదించిరి. కాని వారి ముందున్న చర్చ, వలయములు దెబ్బతిన్న ప్రయాణములను మాత్రమే లెక్కించినది. అవి చలిదినములలోను ఉన్నవి, వెచ్చని దినములలోను ఉన్నవి. కావున చలికిని దెబ్బకును సంబంధము కనబడలేదు. విచారణ సంఘము తరువాత దెబ్బ తగులని ప్రయాణములను గూడ చేర్చి గీసిన పటమును తన నివేదికలో ప్రచురించినది. సుమారు 18 డిగ్రీల సెంటిగ్రేడుకు దిగువన ఎగసిన నాలుగింటికి నాలుగును దెబ్బతినగా, అంతకు పైన ఎగసిన ఇరువదింటిలో మూడే దెబ్బతినియుండెను. ఆ దినము ఉష్ణోగ్రత 2 డిగ్రీల దరిదాపున నున్నది. ఏమియు జరుగని ప్రయాణములను లెక్కకు రానివిగ తలచిరి. నిజము వానిలోనే యుండెను.

మన సంఘముల లెక్కలలో అట్టి విడిచిన చుక్కలు లేవా? తెలుగు పరీక్షలో ఉత్తీర్ణులైన పిల్లల పేర్లను ప్రతి సంచికలోను ఆనందముతో అచ్చువేయుచున్నాము. నడుమ మానివేసిన పిల్లల సంఖ్యను ఎన్నడైన అచ్చువేసితిమా? సభకు వచ్చినవారిని లెక్కించితిమి. రాని ఇండ్లను లెక్కించితిమా? జనగణనవారు ఇంటికి వచ్చినప్పుడు, సులువుగ నుండునని మాతృభాష గడిలో వేరొక భాష పేరు చెప్పిన కుటుంబము ఏ పటములోను చుక్క కాదు. ఆ లేని చుక్కలే మన నిజమైన పటము. వానిని చూచుటకు మనకు భయము. ఆ భయమువలననే మనము ఎత్తైన కమ్మీలను ప్రేమించుచున్నాము.

ఇచ్చట మా వాదమునకు మూలమైన సంగతి చెప్పవలసి యున్నది. వంకరగీతవలన మోసపోవు తొలి చూపరి అధికారి కాడు, గీసినవాడే. నాలుగింతల కమ్మీని గోడకు తగిలించిన సంఘము, తరగతికి కొత్త ఉపాధ్యాయుని వెదకుట మానివేయును. మెట్లెక్కు గీతను చూచి సంతృప్తిపడిన తండ్రి, రాత్రి భోజనమువేళ పిల్లలతో తెలుగున మాటాడవలెనను శ్రమను వాయిదా వేయును. లోయలోనికి జారు గీతను చూచి నిరాశపడిన తల్లి, ఇక ఏల యని ఓనమాల పుస్తకమును అటకపై పెట్టును. గర్వించుటకును దుఃఖించుటకును గీసిన గీతలు రెండును మనలను పనినుండి తప్పించును. సరిగ గీసిన గీత మాత్రమే, రేపు ఏమి చేయవలెనో చెప్పును.

ఈ సందర్భమున ఒక మహనీయుని స్మరించుట యుక్తము. సంఖ్యాశాస్త్రములో ప్రపంచప్రఖ్యాతి గాంచిన కల్యంపూడి రాధాకృష్ణారావుగారు 1920లో తెలుగు కుటుంబమున, నేడు కర్ణాటకములో నున్న హడగలిలో జన్మించిరి. ఆంధ్ర విశ్వవిద్యాలయములో గణితము చదివి, కలకత్తాలోని భారత సంఖ్యాశాస్త్ర సంస్థలో చేరి, నూట రెండేండ్లు జీవించి 2023లో కీర్తిశేషులైరి. ఆయన 1989లో సామాన్య పాఠకులకై వెలువరించిన గ్రంథమునకు పెట్టిన పేరులో సంఖ్యాశాస్త్రమును సత్యమును ప్రక్కప్రక్కన నిలిపిరి. మనవంటి సరిహద్దు నేలమీద పుట్టిన తెలుగువాడు లోకమునకు లెక్కను నేర్పెను. ఆయన పేరు చెప్పుకొని గర్వించు మనము, మన చిన్న లెక్కలనైన సరిగ గీయవలదా?

2021లో జరుగవలసిన జనగణన వాయిదాపడుటచేత, భాషలకు సంబంధించిన 2011 నాటి అంకెలే చాలకాలము మనకు ఆధారమైనవి. కొత్త అంకెలు ఎప్పుడు వచ్చినను, అవి మనకు నచ్చవచ్చును, నచ్చకపోవచ్చును. వానిని గీయునాడు మన సంఘములు కొన్ని చిన్న మర్యాదలు పాటించినచో చాలును. కమ్మీని నేలనుండి లేపుట. కొలత ఎచ్చట మొదలైనదో పెద్ద అక్షరములతో చెప్పుట. సంఖ్యను చూపినచోట పాలును గూడ చూపుట. వచ్చినవారి ప్రక్కన రానివారిని నిలుపుట. కారణము తెలియనప్పుడు దానిని గీతపై మోపకుండుట. చూపరులమైన మనము గూడ కరతాళములకు ముందు ఒక్క క్షణము ఆగి, ఈ గీత ఎచ్చటనుండి లేచినదని అడుగవలెను. మన ప్రత్యర్థి గీసిన పటమును ఎట్లు పరీక్షింతుమో, మనవారు గీసినదానిని అట్లే పరీక్షించుట మర్యాదకు లోపము కాదు.

మన పాత ఇండ్లలో కొన్నింట ద్వారబంధములపై మూడు తరముల పిల్లల గీతలు ఇంకను కనబడుచున్నవి. వానిలో పొట్టివి కలవు, పొడుగువి కలవు. జబ్బుపడిన యేట ఒక పిల్లవాని గీత వెనుకటి గీతను దాటక, దానిమీదనే నిలిచియుండును. ఆ గీతను ఎవ్వరును చెరిపివేయలేదు. దానిని చూచియే ఆ తల్లి ఆ యేట వానికి పాలు ఎక్కువగ పోసియుండును.